పద్దెనిమిది రోజులు నీళ్ళు పోయకుండా

ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది, ఏమీ చేయకుండా ఉండటం. నమ్మని వాళ్ళు మార్చి నెలలో ఒక మధ్యాహ్నం జనగామలో మా ఇంటి స్లాబు మీదికి ఎక్కి, తల వాల్చేసిన మొక్క ముందు నిండు చెంబుతో నిలబడి, ఆ చెంబును ఒక్క చుక్క తొణకకుండా కిందికి దించుకు రావాలి. వచ్చాక మాట్లాడుకుందాం. ఆ స్లాబు సంగతి కూడా చెప్పాలి. ఎండలు ముదిరాక దాని మీద రబ్బరు చెప్పులు విడిచి దిగితే, మళ్ళీ ఎక్కేసరికి అవి ఒక సైజు తగ్గి ఉంటాయి. నా కాలికి కొన్న జోడు చివరికి మా అవ్వకు సరిపోయింది.

అవ్వ అంటే మా అమ్మ. మా ఇంట్లో తల్లిని అట్లాగే పిలుస్తాం. ఇంట్లో ఉండేది అవ్వ, నేను, వారానికి ఒకటిన్నర రోజు నా భార్య. నేను మహబూబాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. పొద్దున రైలెక్కి పోయి, చీకటి పడ్డాక రైలు దిగుతాను. ఇన్నేళ్ళ రాకపోకల్లో నిలబడి నిద్రపోయే విద్యలో నేను ఎంత దూరం వెళ్ళానంటే, ఒకసారి వరంగల్‌లో ఎక్కిన పెద్దమనిషి నన్ను రైలు పెట్టెలో భాగమనుకుని నా భుజానికి తన సంచి తగిలించాడు. నేను లేవలేదు. డోర్నకల్ దాటాక లేచాను, అంటే ఆఫీసూ దాటిపోయింది, సంచిగల మనిషీ దిగిపోయాడు.

నా భార్య భూపాలపల్లిలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. అక్కడ ఒక గది కిరాయికి తీసుకుంది. శనివారం సాయంత్రం జనగామకు వస్తుంది, సోమవారం తెల్లవారకముందే బస్సెక్కుతుంది. ఆ ఒకటిన్నర రోజులో సగం ఆమె నిద్రపోతుంది, సగం నేను నిద్రపోతాను. మేము పోట్లాడుకోకపోవడానికి ప్రేమ కంటే పెద్ద కారణం అదే.

ఆమె పదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. నీళ్ళు లేకుండా మొక్కలు ఎట్లా బతుకుతాయన్నది విషయం. పదేళ్ళలో రెండుసార్లు బదిలీ అయింది, ఒకసారి పచ్చకామెర్లు వచ్చాయి, ఒక వేసవిలో మొత్తం మొక్కలను కోతులు పీకి పక్కవాళ్ళ టీవీ యాంటెన్నాకు దండలా వేశాయి. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి కుదరదని, ఈ వేసవి సెలవులు అయ్యేలోగా నీటి ఎద్దడిని తట్టుకున్న మొక్కల నుంచి తీసిన గింజలు, వాటి వివరాలు తెచ్చి చూపకపోతే పేరు కొట్టేస్తామని ఉత్తరం వచ్చింది. ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. "ఈసారి పోతే ఇగ మొదలువెట్ట. నాతోని కాదు" అంది. అట్లా నెమ్మదిగా అనడమే నన్ను భయపెట్టింది.

ఆ మొక్క ఒక అడవి పొగాకు. ఎక్కడో దూరపు ఎడారిలో ఎవరూ నాటకుండా, ఎవరూ తడపకుండా దానంతట అదే పెరుగుతుందట. ఆమె ప్రొఫెసరు ఒక కాగితపు పొట్లంలో గింజలు ఇచ్చాడు. ఆవగింజ దాని పక్కన పెడితే గుమ్మడికాయ అనిపిస్తుంది. అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని పొట్లంలోకి చాలాసేపు చూసింది.

"ఇండ్ల ఇత్తులున్నయా బిడ్డా, లేకపోతె పొట్లం కట్టేటోడు తుమ్మిండా?"

"ఉన్నయత్తమ్మా. ఊపిరి గట్టిగ ఇడువకు."

ఆ తర్వాత అవ్వ పొట్లం ఉన్న గదిలోకి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తప్ప రాలేదు.

ఆ గింజకు ఇంకో గొప్ప గుణం ఉంది. దాని సొంత ఊళ్ళో అడవి తగలబడి చల్లారాకే మొలుస్తుందట. పొగ తగిలితే తప్ప నిద్ర లేవదు. అందుకని సంక్రాంతి ముందు ఒక ఆదివారం పాత నూనె డబ్బాలో ఎండుగడ్డి ముట్టించి, ఒక రబ్బరు గొట్టంతో ఆ పొగను సీసాలోని నీళ్ళలోకి పంపాం. విసిరే పని నాది. నేను విసిరిన విసురుకు పొగ సీసాలోకి కొంచెమే పోయింది, మిగిలింది వీధి మీద పడి ఆ మధ్యాహ్నాన్ని సాయంత్రం చేసింది. పక్కింటి దర్జీ భాయ్ మా ఇల్లు అంటుకుందనుకుని బకీటుతో పరిగెత్తుకొచ్చాడు. అవ్వ గడపలో కూర్చుని దగ్గుతూ, "పొగాకు ఇత్తుకే పొగ వెడుతున్రా. పుట్టకముందే అలవాటు చేస్తె ఇగ అది బాగుపడ్డట్టే" అంది.

ఆ పొగ నీళ్ళలో ఒక పూట నానబెట్టి, ఇసుక మీద పైపైన చల్లింది. మట్టి కప్పితే మొలవదు, వెలుతురు కావాలి. పది రోజులకు ఇసుక మీద ఎవరో పచ్చ సిరాతో చుక్కలు పెట్టినట్టు కనిపించింది. అవే మొక్కలట. నేను నమ్మలేదు. నెల తిరిగేసరికి నాలుగు ఆకులు వేశాయి. అప్పుడు వాటిని ఇసుక, కంకర, కాసింత ఎర్రమట్టి కలిపిన లోతు కుండీల్లోకి మార్చింది. కుండీకి అడుగున నాలుగు బొక్కలు ఉండాలి, నీళ్ళు ఒక్క నిమిషం నిలిచినా వేరు ఊరుకోదని చెప్పింది. పన్నెండు మంచి మొక్కలు మేడ మధ్యలో రెండు వరుసలుగా పెట్టింది. మిగిలిన నాలుగు బలహీనమైనవి, పారేయలేక చిన్న డబ్బాల్లో నీళ్ళ ట్యాంకు వెనక్కి తోసింది.

మోకాలెత్తు పెరిగాక ఆ మొక్క రూపం చూడాలి. ఆకంతా సన్నటి నూగు, నూగంతా జిగురు. వేలు తగిలితే ఆ వేలితో సాయంత్రం వరకు ఏ కాగితమైనా ఎత్తవచ్చు. వాసన, తడిసి ఆరిన బీడీ కట్ట వాసన. మెట్లెక్కి వచ్చిన ఒక మేక దాన్ని వాసన చూసి, పెద్దమనుషుల ఎదుట నుంచి తప్పుకున్నట్టు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ దిగిపోయింది. పొద్దు వాలాక మాత్రం పొడుగాటి తెల్ల పూలు విచ్చుకునేవి. రైలు దిగి వచ్చిన నాకు ఆ రోజుకు కనిపించే మొదటి మంచి విషయం అవే.

లెక్క ఇది. ఒక వరుసలోని ఆరు కుండీలకు మూడు రోజులకోసారి కొలిచి నీళ్ళు. రెండో వరుసలోని ఆరింటికి పద్దెనిమిది రోజులు చుక్క నీరు ఉండదు. పంతొమ్మిదో రోజు ఒక్క గ్లాసు పోసి, ఏవి లేచి నిలబడతాయో, ఏవి గింజ కడతాయో చూడాలి. మార్చిలో ఒక సోమవారం తెల్లవారుజామున, చెప్పులు వేసుకుంటూ ఆమె మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది.

"ఈ వరుస ముట్టద్దు. వాడిపోతయి. వాడిపోనియ్యాలె."

అవ్వ తల ఊపింది. నేనూ ఊపాను. మా ఇంట్లో తల ఊపడమంటే విన్నామని మాత్రమే అర్థం. ఆ సంగతి ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసి ఉండాలి.

అవ్వ బచ్చన్నపేట వైపు మనిషి. ఆమె చిన్నతనంలో చెరువు నిండిన ఏడు వేరే, నిండని ఏడు వేరే. నిండని ఏళ్ళే ఎక్కువ. బిందె నెత్తిన, బిందె చంకన పెట్టుకుని పొలాల మీదుగా నడిచిన దూరం ఆమె చెప్పే ప్రతిసారీ కొంత పెరుగుతుంది. ఇప్పటికి అది దాదాపు కాశీకి చేరువైంది. ఇంట్లోకి నల్లా వచ్చి, అందులో గోదావరి నీళ్ళు పడ్డ మొదటి రోజు ఆమె నల్లాకు బొట్టు పెట్టింది. ఆ తర్వాత కూడా ఒక్క చుక్క పారబోయలేదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు, కూరగాయలు కడిగినవి బీరపాదుకు, చేతులు కడిగినవి గన్నేరుకు. నీళ్ళను ఆమె వదిలేయదు, ఎవరో ఒకరికి అప్పగిస్తుంది. అటువంటి మనిషికి ఆరు మొక్కలు చూపించి ఎండనియ్యమన్నాం.

నాలుగో రోజుకు రెండో వరుస ఆకులు దించింది. పొద్దున నేను కొలత గ్లాసుతో మొదటి వరుసకు నీళ్ళు పోస్తుంటే అవ్వ మెట్ల మీద నిలబడి చూసింది.

"ఏందిరా కొడుకా గిది. ఒక్క బంతిల కూసున్నోళ్ళకు, ఇటు దిక్కు వడ్డిచ్చి అటు దిక్కు ఎంగిలాకు సుత ఎయ్యవా?"

"అది లెక్క అవ్వా. సదువు లెక్క."

"గిసొంటి సదువు నీ పెండ్లాం పిల్లలకు చెప్తదా?"

పిట్టగోడకు అవతల దర్జీ భాయ్ పిట్టల కోసం మట్టి మూకుడులో నీళ్ళు మారుస్తున్నాడు. నా భార్యకు ఇంకా రాని డాక్టరు పట్టాను ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు.

"సార్, డాక్టర్ మేడమ్‌కు జర చెప్పున్రి. సూస్తుంటె దిల్ ఖరాబ్ అయితున్నది. నేనైతే గటు మొఖం తిప్పుకుని బట్టలు ఆరేస్తున్న."

"నేను కూడ తిప్పుకుంటున్న భాయ్."

ఆరో రోజు రైలు కేసముద్రం దగ్గర గంటన్నర ఆగింది. గాలి లేదు, కూర్చునే చోటు లేదు, నా సీసాలో అర గ్లాసు నీళ్ళు మిగిలాయి. వాటిని తాగకుండా దాచుకున్నాను, ఎందుకో తెలియదు, ఇంకా ఎంతసేపు ఆగుతుందో తెలియనప్పుడు మనిషి అట్లాగే దాచుకుంటాడు. ఇల్లు చేరి మేడ ఎక్కాను. రెండో వరుస చివరి మొక్క ఆకులన్నీ వదిలేసి, నేను రైల్లో నిలబడ్డ తీరుగానే నిలబడి ఉంది. ఆ అర గ్లాసు దానికి పోశాను. అర గ్లాసే. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కూడా అర గ్లాసు పోశాను, ఎందుకంటే ముందురోజు పోసిన దానితో అది తేరుకోలేదు.

రోజూ సాయంత్రం మొక్కల ఫొటోలు తీసి ఆమెకు పంపాలి. తొమ్మిదో రోజు ఫోను చేసింది.

"మట్టి నల్లగ కనవడుతుందేంది?"

"నీడ" అన్నాను.

"పొద్దు గూట్లెకు పోయినంక నీడేడిది?"

"ఫోను పాతదైంది."

మధ్యలో ఒక శనివారం కాలేజీ పని పడి రాలేదు. తర్వాతి శనివారం వచ్చింది. సంచి దించకుండానే మేడ ఎక్కింది. రెండో వరుసలో ఒక మొక్క కాండం పట్టుకుని పైకి లాగితే, పట్టు లేకుండా ఊడి చేతిలోకి వచ్చేసింది. వేరు గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, కుళ్ళు వాసన కొట్టింది. రెండోది లాగింది. మూడోది లాగలేదు. వేడి స్లాబు మీద అట్లాగే కూర్చుంది.

"ఎవలు వోసిన్రు?"

అవ్వ మెట్ల దగ్గర నిలబడి కొంగు కొస నలుపుతోంది. "బియ్యం కడిగినయి బిడ్డా. రోజు చెంబెడే. కరివేపాకుకు పోసినంక మిగిలినయి." పిట్టగోడ వైపు చూసింది. "నేనొక్కదాన్నే కాదు. పగటీలి భాయ్ సుత పోసిండు. నేను సూసిన."

పిట్టగోడ అవతల ఆరేస్తున్న బట్ట ఆగిపోయింది. భాయ్ తల మెల్లగా పైకి వచ్చింది. "ఒక్క లోటా మేడమ్. పిట్టలకు వెట్టిన పానీ మిగిలితె. అల్లా కసమ్, ఒక్కటే లోటా."

"రోజా?"

"రోజు ఒక్కటే."

నా భార్య అవ్వను అడిగింది. "భాయ్ పోసుడు సూసినవు గద. మరి నువ్వెందుకు పోసినవు?"

"ఆయన పుణ్యం ఆయనది, నా పుణ్యం నాది."

అప్పుడు ముగ్గురూ నా వైపు చూశారు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి. నేను వారమంతా రైల్లో ఖర్చు పెట్టేసి ఉన్నాను.

"అర గ్లాసు" అన్నాను.

ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "పొద్దున చెంబు, పగటీలి లోటా, పొద్దుమూకి గ్లాసు. వరి సుత గన్ని తాగది" అంది. తర్వాత పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పింది, గొంతు మాత్రం చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. ఈ మొక్కలు దప్పికకు వాడిపోవడం మొదట్లో నాలుగైదు రోజులేనట. అది మంచి వాడిపోవడం. నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళినా ఆకు అట్లాగే వాలుతుందట. మేము ఆ వాలడాన్నీ దప్పికే అనుకుని ఇంకా పోశాం. అది ఎంత చెడితే మేము అంత జాలిపడ్డాం, ఎంత జాలిపడితే అంత చెడింది.

 అవ్వ మెట్టు మీద కూర్చుంది.

"ఎండిన చెట్టును సూసుకుంట ఊకుండుడు నాతోని కాదు బిడ్డా. సూడాల్సినన్ని సూసిన."

 ఆ రాత్రి అన్నం అవ్వకు నా భార్యే వడ్డించింది.

ఆదివారం పొద్దున ఆమె ట్యాంకు వెనక్కి వెళ్ళి ఆ నాలుగు డబ్బాలను ఒక్కొక్కటే బయటికి తీసింది. పారేయలేక తోసినవి. ఆమె వచ్చినప్పుడల్లా వారానికోసారి కాసిని నీళ్ళు చిలకరించడం తప్ప, అవి ఉన్నాయని మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. అందుకే గట్టిగా ఉన్నాయి. ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. ఈ నాలుగింటినీ కుండీల్లోకి మార్చి, అవి నిలదొక్కుకున్నాక పద్దెనిమిది రోజులు మొదలుపెడితే, గింజ కట్టేసరికి సెలవుల చివరి వారం. ఒక్క రోజు తప్పినా లేదు.

"ఈడ ఉంచ" అంది. ఎవరి ముఖమూ చూడకుండా అంది.

నాలుగు ఎండ మొక్కలు, పోలికకు రెండు తడి మొక్కలు, మొత్తం ఆరు కుండీలు. సోమవారం సెలవు పెట్టి నేనూ బస్సెక్కాను. కంకర నిండిన కుండీ ఒక్కొక్కటి, నా నడుము లెక్క ప్రకారం, దూడంత బరువు. హనుమకొండలో బస్సు మారేటప్పుడు ఆ దూడలను ఎత్తి దించి, మళ్ళీ ఎత్తాను. కండక్టరు అవి ఏం చెట్లని అడిగితే, అలసటలో పొగాకు అన్నాను. అంతే, బస్సులో సగం మంది ముసలివాళ్ళు నిద్ర లేచారు. ఒకాయన ఆకు తుంచబోతే నా భార్య చెయ్యి పట్టుకుంది.

"ఇది విషం, బాపూ. నోట్ల పెడితే పాణం మీదికి వస్తది."

"మేం తినేది సుత విషమేనంటున్నరు గదమ్మా డాక్టర్లు. డెబ్బై ఏండ్ల సంది తింటున్న."

భూపాలపల్లిలో ఆమె గది ఒక ఇంటి పైన, మేడ మీద ఒంటరిగా ఉంటుంది. అక్కడ గాలిలో బొగ్గు కలిసి ఉంటుంది. ఉతికిన తెల్ల బనీను ఆరేస్తే తీసేటప్పటికి అది వేరే మనిషిది అయిపోతుంది. ఇంటామె మాకంటే కొంచెం పెద్దది, భర్త బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఆమెకు కూడా అంతా చెప్పాం. ఆమె కూడా తల ఊపింది. ఈసారి నా భార్య తల ఊపడాన్ని నమ్మలేదు. మేడ మెట్ల తలుపుకు తాళం వేసి, చెవి తాడు కట్టి మెడలో వేసుకుని కాలేజీకి పోయేది. శనివారాలు జనగామకు రావడం మానేసింది.

పద్దెనిమిదిలో పన్నెండు రోజులు అట్లా గడిచాయి. పదమూడో రోజు ఇంటామె పుట్టింటి నుంచి, ఘనపూర్ దగ్గరి ఊరి నుంచి, సంవత్సరానికి సరిపడా మిరపకాయలు వచ్చాయి. మేడ మీదే ఆరబోయాలి, ఇంకో చోటు లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళకు మేడ తాళం వేయడం ఎట్లా కుదురుతుంది. తాళం తీయాల్సి వచ్చింది. మేడ సగం ఎర్రగా మిరప, మిగతా సగంలో నాలుగు వాడిన మొక్కలు.

పదిహేడో రోజు నా భార్యకు కాళేశ్వరం వైపు ఒక కాలేజీలో పరీక్షల డ్యూటీ వేశారు. పొద్దున పోతే రాత్రి అక్కడే ఉండి, మర్నాడు సాయంత్రానికి గాని రాదు. నాకు ఫోను చేసింది.

"వచ్చి కూసో. పని లేదు. పోయకుంట కూసునుడే."

"నన్నా నమ్మేది?"

"ఇంకెవలున్నరు?"

ఇంత అలసిపోయిన మాట ఆమె నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. ముందురోజే బయలుదేరాను.

ఆ పగలంతా గది నీడలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఎండ ఎంత ఉందంటే, మేడ అంచున వాలిన కాకి ఒక కాలు ఎత్తి, అది దించి రెండోది ఎత్తి, చివరికి రెండూ ఒక్కసారి ఎత్తి పడిపోబోయింది. మొక్కల ఆకులు కాండానికి అతుక్కుని, బూడిద రంగుకు తిరిగాయి. చూడకుండా ఉండాలని కళ్ళు మూసుకుంటే నిద్ర వస్తుంది, నిద్రపోతే ఎవరు పోస్తారో తెలియదు. పోసేవాళ్ళలో నేను కూడా ఒకణ్ణి. అందుకని నా నీళ్ళ సీసా కిందింట్లో పెట్టి వచ్చాను. దాహమైన ప్రతిసారీ మెట్లు దిగి, తాగి, ఖాళీ చేతులతో పైకి వచ్చాను.

మూడు గంటలకు ఇంటామె మిరపకాయలు తిరగేయడానికి వచ్చింది. తిరగేసినంత సేపూ మొక్కల వైపే చూసింది.

"అన్నా, ఒక్క గిలాసెడు. మేడమ్‌కు చెప్పద్దు."

"వద్దక్కా."

"గంత పచ్చి పాణం. గట్ల చేస్తె ఉసురు తాకదా మనకు?"

"తాకుతది. ఏం చేస్తం."

"మీ ఆమె మంచిదే గని, దయలేనిది."

 నా దయ ఎట్లాంటిదో జనగామలో ఆరు కుండీలకు తెలుసు.

అప్పుడు పడమటి గాలి మారింది. బొగ్గు వాసనలోకి తడి మట్టి వాసన వచ్చింది. తల ఎత్తేసరికి మబ్బు దిగివస్తోంది, మామూలు మబ్బు కాదు, ఎవరో గొంగడి పట్టుకుని పరిగెత్తుకొస్తున్నట్టు. వాడమొత్తం మేడల మీద ఒక్కసారే అడుగుల చప్పుడు. ఎవరి మిరపకాయలు వాళ్ళు కుప్ప చేస్తున్నారు, ఎవరి టార్పాలిన్ వాళ్ళు పరుస్తున్నారు. నా యాభై రెండేళ్ళలో మొదటిసారి వాన రావద్దని దండం పెట్టాను. అవ్వ వింటే నాకు అన్నం పెట్టేది కాదు.

మొదటి కుండీ ఎత్తి గదిలో పెట్టాను. రెండోది పెట్టాను. మూడోది పెట్టి లేవబోతే నడుములో ఎక్కడో తాళం పడింది. లేవలేక, కూర్చోలేక, మధ్యలో ఆగిపోయాను. నాలుగోది బయట ఉంది. మొదటి చినుకు స్లాబు మీద పడి చుయ్యిమంది.

ఇంటామె మిరప కుప్పకు ఒక వైపు టార్పాలిన్ కప్పి, రెండో వైపు లాగుతూ నన్ను చూసింది, కుండీని చూసింది.

"గిది తడిస్తె ఏమైతదన్నా?"

"ఇన్ని దినాలు ఎండబెట్టింది మట్టిల పోతది అక్కా. మీ మిర్చి ఎట్లనో గట్లనే."

ఇన్నాళ్ళు నా భార్య శాస్త్రమంతా చెప్పినా ఆమెకు ఎక్కలేదు. ఇది ఎక్కింది. ఆరబెట్టిన దాని మీద వాన పడటమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. టార్పాలిన్ కొస వదిలేసి వచ్చి, ఆ కుండీని చంకన బిందె పెట్టుకున్నట్టు పెట్టుకుని గదిలోకి తెచ్చి దించింది. ఆమె జాకెట్‌కు ఆకులు అతుక్కుపోయాయి. వెనక్కి తిరిగేసరికి గాలి టార్పాలిన్‌ను లేపేసింది. వాన, దానితో వడగళ్ళు. పావుగంటే. మిరపకాయల్లో సగానికి పైగా తడిసిపోయాయి.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "తాలు అయితయి ఇగ" అని మాత్రం అంది. తాలు అంటే తడిసి, రంగు పోయి, తెల్లమచ్చలు తేలిన కాయ. నేను నేల మీద పడుకుని, "అక్కా, సగం మాకియ్యి" అన్నాను. ఆ మాటకు అర్థం ఉందో లేదో నాకు తెలియదు, వేరే ఏం అనాలో తోచలేదు.

సాయంత్రం అవ్వ ఫోను చేసింది.

"ఆడ వాన పడ్డదట. చెట్లు తడిసినయా?"

"తడవలే అవ్వా."

"ఒక్కటి సుత?"

"ఒక్కటి సుత."

"మంచిగయింది" అంది. చెట్లకు వాన తగలకపోవడాన్ని అవ్వ మంచిదనడం నాకు తెలిసి అదే మొదటిసారి. తర్వాత నడుముకు ఏ నూనె రాయాలో చెప్పి పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం నా భార్య వచ్చింది. నేను చెప్పినదంతా విని, మట్టిలోకి రెండు వేళ్ళు దించి చూసుకుంది. అప్పుడు బట్టలు కూడా మార్చుకోకుండా కిందికి వెళ్ళి, ఇంటామె పక్కన కూర్చుని తడి కాయలు, పొడి కాయలు వేరు చేసింది.  నేను పైన పడుకుని కాయలు చేటలో పడే చప్పుడు విన్నాను.

పంతొమ్మిదో రోజు కొలిచి ఒక్కో గ్లాసు పోసింది. మర్నాడు పొద్దుటికి మూడు లేచి నిలబడ్డాయి. ఒకటి లేవలేదు. మూడింటిలో రెండు కాయ కట్టాయి. కాయ నోరు తెరిచే రోజున కాగితం సంచులు కట్టి, ఆ తుమ్మినంత గింజలను పట్టుకుంది. సెలవులు అయిపోవడానికి నాలుగు రోజుల ముందు తీసుకెళ్ళి చూపించింది. ఆరు ఉండాల్సిన చోట రెండేమిటని ప్రొఫెసరు గొణిగాడట.  పేరు మాత్రం కొట్టేయలేదు.

ఆ తాలు కాయల్లో సగం నిజంగానే మేము తెచ్చుకున్నాం. ఇంటామె వద్దన్నా మూట కట్టుకుని బస్సెక్కించాం. ఆ కారం వేస్తే కూర ఎర్రబడదు. చూడటానికి ఏ దవాఖాన పథ్యమో అనిపిస్తుంది, నోట్లో పెడితే నిప్పు. ఈ ఏడంతా ఇంట్లో అదే. నా భార్య శనివారాలు మళ్ళీ వస్తోంది. ఒక చేత్తో ఆ పాలిపోయిన కూర కలుపుకుంటూ, రెండో చేత్తో కాగితాలు తిప్పుకుంటూ ఉంటుంది. ఇంకా రెండు అధ్యాయాలు రాయాలట.